అణువులను గుర్తించు అచ్చులు



సాగరు ఎడమకాలువ నీటి కొఱకు ఎదురుచూడని రైతు కుటుంబము మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో అరుదు. తూములన్నియు నొక్కమాఱు తెఱచి విడిచినచో ఎగువ పొలములు నిండి గట్లు తెగును. కొస భూములు నెఱ్ఱెలు విచ్చి యట్లే యుండును. అచ్చట లోపము నీటి కొఱత మాత్రమే కాదు. కావలసిన మడికి, కావలసిన వేళకు, కావలసినంత నీరు చేరకపోవుటయు లోపమే. మనము మ్రింగు మందు గతియు ఇంచుమించుగ నిట్టిదే. మోకాలి నొప్పికై మ్రింగిన మాత్ర మోకాలికి మాత్రమే పోదు. అది కడుపునుండి నెత్తురులో కలసి, నెత్తురుతో పాటు దేహమంతయు తిరుగును. మోకాలికి చేరునది కొంచెము. తక్కినది పనిలేని చోట్లకు పోయి, కడుపులో మంటయో మఱియొక బాధయో కలిగించును.

మందునకు త్రోవ నేర్పవచ్చునా? తన చోటును తానే గుర్తుపట్టు మందును, లేక మందును పట్టి యుంచి వేళకు విడుచు పాత్రను చేయవచ్చునా? ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకు శాస్త్రజ్ఞులు పాలిమరులను కృత్రిమ పదార్థములను సాధనముగ గైకొనిరి. వాని కథను, అవి పనిచేయు విధమును, ఇప్పటివఱకు సాధించినదానిని, ఇక సాధింపవలసినదానిని ఈ పాఠమున వివరింతుము. రసాయనశాస్త్రము చదువని తల్లిదండ్రులకును తెలియునట్లు చెప్పుటకు యత్నించెదము.

1. గుర్తించుట యన నేమి?

మిర్యాలగూడ రైసుమిల్లులలో బియ్యమును వేఱుపఱచు విధమును మనలో పలువురు చూచియున్నారు. జల్లెడ నూకను గింజనుండి వేఱు చేయును. అది పరిమాణమును మాత్రమే యెఱుంగును. సార్టెక్సు యంత్రము రంగు మాఱిన గింజను ఏఱివేయును. అది రంగును మాత్రమే యెఱుంగును. అణువుల లోకమున ఈ రెండు ఉపాయములును చాలవు. కాఫీలోని కెఫీను అణువును, ఉబ్బసమునకు వాడు థియోఫిలిన్ అణువును తీసికొనుడు. రెంటి పరిమాణము ఇంచుమించు సమానము. రెండును తెల్లని పొడులే. కెఫీనులో నొక నత్రజని పరమాణువును అంటుకొని, ఒక కర్బన పరమాణువును మూడు ఉదజని పరమాణువులును గల చిన్న గుంపు కలదు. థియోఫిలిన్‌లో ఆ స్థానమున ఒక్క ఉదజని పరమాణువే కలదు. భేదమంతయు నింతే. ఏ జల్లెడయు దీనిని పట్టలేదు. అయినను ఇట్టి సూక్ష్మభేదములను పట్టగల ప్రోటీనులు మన దేహమునందే కలవు. రోగములతో పోరాడు ప్రతిరక్షకములును, ఆహారమును జీర్ణము చేయు ఎంజైములును అట్టివే.

1894లో జర్మను దేశీయుడగు ఎమిల్ ఫిషర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు దీనికొక చక్కని ఉపమానము చెప్పెను. ఎంజైము తాళము వంటిది. అది పట్టుకొను పదార్థము తాళపుచెవి వంటిది. ఒకదాని యాకారము రెండవదానికి సరిపడినపుడే పని జరుగునని అతడు బోధించెను. ఈ ఉపమానము నేటికిని పాఠ్యపుస్తకములలో నిలిచియున్నది. అయితే ఆకారము సరిపడుట యొక్కటియే చాలదు. మన చొక్కాను చూడుడు. కొలత సరిపోవలెను, దానితోపాటు ప్రతి గుండీకి ఎదురుగ నొక కాజా యుండవలెను. అణువుల నడుమ గుండీ కాజాల వలె పనిచేయు శక్తులు ముఖ్యముగ మూడు. ధనావేశము గల భాగము ఋణావేశము గల భాగమును ఆకర్షించుట మొదటిది. ఒక అణువులోని ఉదజని వేఱొక అణువులోని ఆమ్లజనినో నత్రజనినో తాకి నిలుచుట రెండవది. దీనిని ఉదజని బంధమందురు. నూనె స్వభావము గల భాగములు నీటికి దూరముగ నొకచోట చేరుట మూడవది.

ఈ శక్తులలో ఒక్కొక్కటి బలహీనమే. కాని నాలుగైదు చోట్ల నొక్కమాఱు పట్టు దొరకినచో అణువు గట్టిగ నిలుచును. పరిస్థితి మాఱినపుడు గుండీలు విప్పినట్లు విడిపోవును. పట్టుటయు విడుచుటయు రెండును సాధ్యమగుట చేతనే ఈ యేర్పాటు మందులకు పనికివచ్చుచున్నది. చిన్న కృత్రిమాణువులతో ఇట్టి గుర్తింపును సాధించిన పెడర్సన్, క్రామ్, లేన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1987లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను.

2. దొంగ తాళపుచెవులు

తాళమునకు ఒక్కొక్కప్పుడు దొంగచెవియు పట్టును. ఇందువలన కలుగు కీడునకును మేలునకును మన తెలుగునాటనే నిదర్శనములు కలవు.

కీడును ముందు చెప్పుదుము. 2016లో సూర్యాపేట జిల్లా ప్రత్యేకముగ నేర్పడక పూర్వము సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడును నల్లగొండ జిల్లాలోనివే. ఆ జిల్లా పేరు వినగానే దేశమునందలి వైద్యులకు ఫ్లోరైడు నీళ్లు జ్ఞప్తికి వచ్చును. మన యెముకలును దంతములును కాల్షియము, ఫాస్ఫేటులతో నేర్పడిన స్ఫటికములు. ఆ స్ఫటికములలో ఆమ్లజనియు ఉదజనియు కలసిన హైడ్రాక్సైడు అను కణమునకు నియతమైన స్థానములు కలవు. నీటిలోని ఫ్లోరైడు కణము పరిమాణమునందును, ఋణావేశమునందును హైడ్రాక్సైడును మిక్కిలి పోలియుండును. స్ఫటికము భేదము నెఱుంగజాలక దానిని లోనికి రానిచ్చును. ఏండ్ల తరబడి ఇట్లు జరిగినచో పిల్లల పండ్లపై గోధుమరంగు మచ్చలు పడును, పెద్దల కీళ్లు బిగియును, వెన్ను వంగును. నడువలేక గోడ పట్టుకొని కూర్చుండు వృద్ధులను మనలో కొందఱు తమ బంధువుల గ్రామములలో చూచియే యుందురు. అది వారి పూర్వకర్మయు కాదు, వంశదోషమును కాదు. ఎముక ఒక అణుకణమును మఱియొకదానిగ భ్రమించుట వలన కలిగిన వ్యాధి. ఈ యెముకల వ్యాధిని 1937లో అప్పటి మద్రాసు రాజధానియందలి నెల్లూరు జిల్లాలో షార్టు అను వైద్యుడును అతని సహచరులును మన దేశమున మొట్టమొదట వర్ణించి ప్రకటించిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించకుండుట మేలనియు, వేఱు నీరు దొరకనపుడు సైతము 1.5 మిల్లీగ్రాములు దాటగూడదనియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది.

నాగపూరునందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970ల దశకమున ఇట్టి నీటిని శుద్ధిచేయుటకు పటికను, సున్నమును కలిపి, కలియద్రిప్పి, తేరనిచ్చి, వడగట్టు నొక విధానమును రూపొందించిరి. దానికి 'నల్లగొండ విధానము' అని పేరు. ఆ పేరుతోనే అది ఆఫ్రికా ఖండమున కెన్యా, టాంజానియా, ఇథియోపియా దేశముల వఱకు ప్రయాణించినది. అయితే పటిక ఫ్లోరైడును ప్రత్యేకముగ గుర్తింపదు. కావున దానిని హెచ్చుగ వేయవలసివచ్చును. అడుగున మడ్డి యెక్కువగ మిగులును. గుర్తింపు లేని సాధనమునకు మనము చెల్లించు మూల్య మిట్టిది.

ఇక మేలు. దొంగచెవిని రోగముపైనే ప్రయోగించిన మహనీయుడు మన తెలుగువాడే. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమాఱులు తప్పి, మూడవమాఱు నెగ్గెను. ఆయన సోదరుడు స్ప్రూ అను గ్రహణీరోగముచే మరణించెను. తరువాత ఆయన అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమునందును, 1940 మొదలుకొని లెడర్లీ పరిశోధనశాలయందును పనిచేసెను. ఆయన నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞుల బృందము ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసి 1945లో ప్రకటించెను. అన్నను పొట్టబెట్టుకొన్న జబ్బునకే ఈ విటమిను మందుగ నుపయోగపడుట గమనింపదగినది.

కణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. క్యాన్సరు కణములకును కావలెను. అట్లయిన, దానిని పోలియుండి దాని పని చేయని దొంగ ఫోలిక్ ఆమ్లము నిచ్చినచో ఏమగును? ఫోలిక్ ఆమ్లములోని ఒక ఆమ్లజని స్థానమున నత్రజని గల గుంపు నుంచి చేసిన అమినోప్టెరిన్ అట్టిది. అది ఎంజైము తాళములో దూరి, ఇఱుక్కొని, నిజమైన చెవిని రానీయదు. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు దీనిని తీవ్రమైన రక్తక్యాన్సరు గల పదునాఱుగురు పిల్లల కిచ్చెను. వారిలో పదిమందికి వ్యాధి కొంతకాలము వెనుకంజ వేసినదని 1948 జూనులో ప్రకటించెను. అంతకుముందు ఆ వ్యాధికి లొంగని పిల్లవాడు లేడు. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు పరమపదించెను. అమినోప్టెరిన్‌కు తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

కాని ఈ మందు మంచి కణమును, చెడ్డ కణమును వేఱుపఱుపదు. త్వరగ పెరుగు కణములన్నిటిని అది కొట్టును. నోటిలో పుండ్లు, జుట్టు రాలుట, రక్తహీనత వీని మూలము అదియే. కాలువ తూములన్నియు తెఱచిన కథ మరల మన యెదుటికి వచ్చినది.

3. మైనములో చింతగింజ

చెఱువు తగ్గినపుడు బురదలో ఎద్దు డెక్క దిగిన గుఱుతు ఎండి గట్టిపడుట చూచితిరి గదా. ఎద్దు వెడలిపోయినను దాని డెక్క యాకారము నేలలో మిగులును. ఇదే ఉపాయమున అణువును గుర్తించు పదార్థమును చేయవచ్చును. దీనిని పరీక్షించుటకు మేము తరగతిలో నొక చిన్న ప్రయోగము చేసితిమి. తడి బంకమన్నులో చింతగింజను నొక్కి, తీసివేసి, రెండు దినములు ఎండబెట్టితిమి. మూడవ దినమున అదే గింజను ఆ గుంటలో నుంచబోగా పట్టలేదు. మన్ను ఆఱి కుంచించుకొనిపోయినది, బీటలు వాఱినది. పిల్లలు నిరుత్సాహపడిరి. మైనముతో మరల చేసితిమి. ఈమాఱు గింజ చక్కగ కూర్చున్నది. వేఱొక చింతగింజ కొంచెము వదులుగను, ఆముదపు గింజ మిక్కిలి వదులుగను నుండెను. అయితే మైనపు ముద్దను తలక్రిందులు చేయగానే గింజ జాఱి పడిపోయెను.

ఈ ప్రయోగమువలన మాకు రెండు సంగతులు తెలిసినవి. అచ్చు గట్టిగ నుండవలెను. లేనిచో ఆకారమును మఱచిపోవును. అచ్చులో పట్టు నుండవలెను. లేనిచో గింజ నిలువదు. శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి శ్రమించినదియు ఈ రెంటి కొఱకే.

1940లో లైనస్ పౌలింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, దేహములో ప్రతిరక్షకములు శత్రుపదార్థమును అచ్చుగ గొని దాని చుట్టు ముడుచుకొని యేర్పడునని యూహించెను. ఆ యూహ పిమ్మట తప్పని తేలినది. కాని దానిచే ప్రేరితుడై ఫ్రాంక్ డికీ అను పరిశోధకుడు ఒక రంగు పదార్థము సమక్షమున సిలికా జెల్లును గడ్డకట్టించి, రంగును కడిగివేసి, 1949లో ఫలితమును ప్రకటించెను. ఆ జెల్లు తక్కిన రంగులకంటె తన్ను అచ్చుపోసిన రంగునే హెచ్చుగ పట్టుకొనెను. సిద్ధాంతము తప్పినను ప్రయోగము ఫలించినది! విజ్ఞానశాస్త్రమున ఇట్టి వింతలు తఱచుగ జరుగును.

సిలికాకంటె అనుకూలమైనది పాలిమరు. పూలను వరుసగ గ్రుచ్చిన దండ వలె చిన్న అణువులు వేలకొలది ఒకదానినొకటి అంటుకొని యేర్పడిన పొడవైన గొలుసే పాలిమరు. ప్రత్తినార ప్రకృతి చేసిన పాలిమరు. ప్లాస్టిక్కు మనుష్యుడు చేసినది. ఇట్టి మహాగొలుసులు నిజముగ నున్నవని హెర్మన్ స్టాడింజర్ 1920లో వాదించినపుడు పలువురు నమ్మలేదు. 1953లో ఆయనకు నోబెలు బహుమాన మిచ్చిరి. పాలిమరులో అణువు నచ్చుపోయు విద్యను 1972లో జర్మనీలో గుంటర్ వుల్ఫ్ బృందము ప్రారంభించెను. 1981లో స్వీడనునందలి లుండ్ నగరమున క్లౌస్ మోస్‌బాక్ బృందము మఱింత సులభమగు మార్గమును చూపెను. ఆ మార్గమిది.

మొదట, ఏ అణువును గుర్తింపవలెనో దానిని ద్రవములో కరిగింతురు. ఇది మన చింతగింజ. రెండవది, దానిని పట్టుకొనగల చిన్న అణువులను కలుపుదురు. మెథాక్రిలిక్ ఆమ్లము అట్టివానిలో నొకటి. ఇవి తమంతట తామే ఆ యణువు చుట్టును, తగిన చోట్ల, ఉదజని బంధములతో చేరి నిలుచును. ఇవి కాజాలు. మూడవది, గొలుసులను ఒకదానితో నొకటి అడ్డముగ ముడివేయు పదార్థమును సమృద్ధిగ కలుపుదురు. నులకమంచమునకు అడ్డనులక బిగువు నిచ్చినట్లు ఇది గుంట కుంచించుకొనిపోకుండ కాపాడును. నాలుగవది, వేడిచేతగాని, అతినీలలోహిత కిరణములచేతగాని ద్రవమును గడ్డకట్టింతురు. అయిదవది, గడ్డను పొడిచేసి, తగిన ద్రవముతో కడిగి, లోపలి అణువును వెలికి తీయుదురు. అప్పుడు అణువు యొక్క ఆకారము గలిగి, గోడలపై తగిన చోట్ల కాజాలు గలిగిన గుంటలు మిగులును.

ఈ గుంటల గుర్తింపు ఎంతటి సూక్ష్మమో 1993లో లోకమునకు తెలిసినది. మోస్‌బాక్ బృందము థియోఫిలిన్‌తో అచ్చుపోసిన పాలిమరును చేసి పరీక్షించెను. మనము మొదట చెప్పిన కెఫీనును అది దాదాపు తిరస్కరించి, థియోఫిలిన్‌ను పట్టుకొనెను. ఒక్క చిన్న గుంపు భేదమును ప్రాణములేని ప్లాస్టిక్కు కనిపెట్టినది. రోగి రక్తములో మందు పరిమాణమును కొలుచుటకు జంతువుల నుండి తీసిన ప్రతిరక్షకమునకు బదులు దీనిని వాడవచ్చునని వారు చూపిరి. మన దేశమునను ఈ విద్య వ్యాపించినది. తిరువనంతపురమునందలి ప్రాంతీయ పరిశోధనశాలలో టి. ప్రసాదరావును ఆయన సహచరులును అణువులకు బదులు లోహకణములతో అచ్చుపోసిన పాలిమరులపై పనిచేసి, ఆ శాఖ నంతటిని సమీక్షించు వ్యాసమును 2006లో ప్రకటించిరి.

4. మందును మోయు పాత్రలు

ఇక మందుల సంగతి. నీటికాసులు అను కంటివ్యాధికి టిమొలాల్ అను చుక్కమందు వాడుదురు. కంటిలో వేసిన చుక్కలో నూటికి ఐదు వంతులకు మించి కంటిలోనికి పోదు. తక్కినది కన్నీటితో ముక్కులోనికి జాఱి, నెత్తురులో కలియును. ఉబ్బసము గలవారికి ఆ కొంచెము మందే ఊపిరి ఆడనీయక అపాయము తెచ్చును. ఇందుకై కార్మెన్ అల్వారెజ్-లోరెంజో, హిరతాని మొదలగు శాస్త్రజ్ఞులు టిమొలాల్‌తో అచ్చుపోసిన మెత్తని కంటి కటకమును 2002 ప్రాంతమున చేసిరి. గుంటలలో కూర్చున్న మందు ఒక్కమాఱు పోక, కొంచెము కొంచెముగ కంటిలోనికి విడుదల యగును. కుందేళ్ల కన్నులలో పరీక్షింపగా, అచ్చులేని కటకముకంటె అచ్చు గల కటకము కన్నీటిలో మందును ఎక్కువ సేపు నిలిపెను. ఇది తూమును కొంచెమే తెఱచుట వంటిది.

అవసరమును బట్టి తానే తెఱచుకొను తూము ఇంకను మేలు గదా. మన పేటలలో చక్కెరవ్యాధి లేని వీధి లేదు. ఇన్సులిను సూది పొడుచుకొనువారికి రెండు భయములు: తక్కువైన చక్కెర హెచ్చును, ఎక్కువైన చక్కెర పడిపోయి స్పృహ తప్పును. ఫినైల్ బోరానిక్ ఆమ్లము అను చిన్న అణువు చక్కెరలోని ప్రక్కప్రక్క ఆమ్లజనులను గుర్తించి పట్టుకొనును. దీనిని జెల్లువంటి పాలిమరులో కూర్చి జపానునందలి కటవోక బృందము 1998లో ఒక వింతను చూపెను. చుట్టును చక్కెర హెచ్చినపుడు జెల్లు ఉబ్బి ఇన్సులినును విడిచెను. తగ్గినపుడు దాని పైపొర బిగిసి ఆపెను. ఏ ప్రోటీనును లేకుండ, కేవలము మనుష్యుడు చేసిన పదార్థమే చక్కెరను చూచి నడచుకొన్నది. అయితే ఆనాటి జెల్లు పనిచేసినది క్షారగుణము గల ద్రవములో. మన నెత్తురు అంత క్షారము కాదు. దేహమునకు తగినట్లు దానిని మలచు కృషి నేటికిని సాగుచున్నది.

మందు నిచ్చుటయే కాక విషమును పట్టుటకును అచ్చు పనికివచ్చును. తేనెటీగ విషములో ప్రధానమైనది మెలిటిన్ అను 26 ఎమైనో ఆమ్లముల గొలుసు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున కెన్నెత్ షే బృందము మెలిటిన్‌తో అచ్చుపోసిన అతిసూక్ష్మ పాలిమరు రేణువులను చేసెను. జపాను శాస్త్రజ్ఞులతో కలసి 2010లో ప్రకటించిన ఫలిత మేమనగా, విషము నెక్కించిన చిట్టెలుకలకు ఆ రేణువుల నెక్కింపగా మరణములు తగ్గెను. రేణువులు నెత్తురులో విషమును పట్టుకొని కాలేయమునకు చేర్చినవి. బ్రదికియున్న జంతువు నెత్తురులో కృత్రిమ ప్రతిరక్షకము పనిచేయుటకు ఇది తొలి నిదర్శనములలో నొకటి.

5. సిద్ధమైనది, సిద్ధము కానిది

ఇంతవఱకు చదివి, 'ఇక చుక్కమందులును సూదులును అక్కఱలేదు' అని తలంపవలదు. చదువరులకు లేని ఆశ కల్పించుట ఉపాధ్యాయుల ధర్మము కాదు. అణువుల అచ్చు గల మందుపాత్రలు ఇప్పటికిని ముఖ్యముగ ప్రయోగశాలలయందే యున్నవి. దానికి కారణములు కలవు. అచ్చుపోసిన అణువును ఎంత కడిగినను కొంత లోపలనే మిగిలి, తరువాత బయటికి వచ్చును. గుంటలన్నియు ఒక్క తీరున నుండవు. కొన్ని చక్కనివి, కొన్ని వంకరవి. నూనెవంటి ద్రవములో బాగుగ పట్టు ఉదజని బంధములు నీటిలో సడలును. మన దేహములో నీరే యధికము. పని ముగిసిన పిదప పాలిమరు దేహమునుండి హానిలేకుండ పోవలెను. ఇవి యన్నియు తీర్పవలసిన సమస్యలు.

అయినను, అచ్చుపోయకయే అణువులను పట్టు పాలిమరులు కొన్ని వైద్యుల చేతికి వచ్చియున్నవి. కొలెస్టిరమిన్ అను పాలిమరు ప్రేగులలో పిత్తామ్లములను పట్టి వెలికి పంపును. అందువలన నెత్తురులోని కొలెస్టరాలు తగ్గును. మూత్రపిండములు చెడి డయాలసిస్ చేయించుకొనువారి కిచ్చు సెవలమర్ అను పాలిమరు ఆహారములోని ఫాస్ఫేటును పట్టును. అమెరికాలో దానికి 1998లో అనుమతి లభించెను. ఇవి నెత్తురులోనికి పోక, ప్రేగులలోనే పని ముగించుకొని వెడలిపోవును. సుబ్బారావు బృందపు ఫోలిక్ ఆమ్లమును క్రొత్తదారి పట్టినది. అండాశయపు క్యాన్సరు కణములు పెక్కింటి పైన ఫోలిక్ ఆమ్లమును పట్టు గ్రాహకములు మిక్కుటముగ నుండును. ఆ కారణమున ఫోలిక్ ఆమ్లమును పోలిన అణువునకు వెలుగు నిచ్చు రంగును జతచేసిరి. శస్త్రచికిత్స సమయమున కంటికి కనబడని గడ్డను అది వెలిగించి చూపును. ఇట్టి పఫోలాసియానిన్ అను పదార్థమునకు అమెరికాలో 2021 నవంబరులో అనుమతి దొరకినది. తాళపుచెవిని త్రోవచూపు దీపముగ మార్చుట యిది.

తల్లిదండ్రుల కొక మనవి. మెథోట్రెక్సేటు నేడు కీళ్లవాతమునకును ఇత్తురు. అట్లిచ్చునపుడు వారమున కొక్కమాఱు మాత్రమే మ్రింగవలెను. దినదినము మ్రింగినచో ప్రాణమునకే ముప్పు. ఇంటిలో నెవరేని ఆ మాత్ర వాడుచున్నచో వైద్యుడు చెప్పిన వారమును కాగితముపై వ్రాసి గోడకు అంటింపుడు. చదువు వచ్చిన పిల్లలు దానిని చదివి పెద్దలకు జ్ఞాపకము చేయుడు. తానే త్రోవ నెఱుంగు మందు వచ్చువఱకు మందునకు త్రోవ చూపవలసినది మన జాగ్రత్తయే. పక్కింటివారి మాత్రను మనము మ్రింగుట, బాగైనదని మధ్యలో మానుట, ఒకమాఱు మఱచితిమని రెండు కలిపి మ్రింగుట, ఇవి తూములను ఇష్టమువచ్చినట్లు తెఱచుట వంటివి.

విద్యార్థులారా, 2019లో సూర్యాపేటయందే ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. ఒకప్పుడు మన పిల్లలకు హైదరాబాదు దూరమైన విద్య నేడు బస్సెక్కి పోయి చదువుకొనదగిన దూరమునకు వచ్చినది. పరీక్షలో తప్పినవాడు తనను తాను పనికిరానివానిగ నెంచవలదు. రెండుమాఱులు తప్పినవాని బృందము చేసిన పనివలన ఇంతమంది పిల్లలు బ్రదికిరి గదా. మన బంకమన్ను గుంటయు మొదట చెడినది. పిమ్మట మైనము దొరకినది. ఫ్లోరైడును హైడ్రాక్సైడునుండి స్పష్టముగ వేఱుపఱచి, దానిని మాత్రమే చవుకగ పట్టగల అచ్చును ఎవరేని చేసినచో మన పల్లెల వెన్నెముకలకు అది గొప్ప ఉపకార మగును. ఆ పనికి పూనువారు ఈ పత్రికను చదువు బాలబాలికలలోనుండియే రావలెనని మా కోరిక.